వెనక గదిలో ముత్యపుచిప్పలు

జూన్ 6

అమ్మాయీ,

నువ్వు క్షేమంగా చేరావని మావాడు చెప్పాడు. ఎలా చెప్పాడనుకున్నావు? చెప్పులు విప్పుతూ "చేరిందట" అన్నాడు. అంతే. రెండో మాట కావాలంటే మర్నాడు సాయంత్రం దాకా ఆగాలి. కన్నకొడుక్కి మౌనస్వామి అని పేరు పెట్టుకోవాలని ఏ తండ్రికీ ఉండదు, వాడే పెట్టించుకున్నాడు.

మొన్న ఫోన్లో నువ్వు "ఇల్లెలా ఉంది మామయ్యగారూ?" అని అడిగావట. నాకు "ఎలుకలున్నాయా" అని వినబడింది. "రెండున్నాయి, ఒకటి దొరికింది" అన్నాను. రేవులో ముప్ఫై ఏళ్ళు క్రేను మీద కూర్చున్న చెవులు ఇవి. ఇంజను మోత విన్నాక వీటికి మనుషుల మాటలు ఆనవు. కాబట్టి మనిద్దరికీ ఫోన్లు వద్దు. ఉత్తరాలు రాసుకుందాం.

మీ బేకరీ వాళ్ళ కొత్త కొట్టులో పొయ్యి కట్టడం అయిందా? ఇంతమంది ఉండగా ఆరునెలలకని నిన్నే పంపారంటే నీ చేతి గొప్పతనం వాళ్ళకి తెలిసిందన్నమాట. మావాడు పాడైన లిఫ్టులు బాగుచేసి పైకెత్తుతాడు, నేను పెట్టెలు పైకెత్తాను, నువ్వు పిండి పొంగిస్తావు. మన వంశమే అంత.

ఇక నా సంగతి. డాక్టరు నా రక్తపరీక్ష కాగితం చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. కొవ్వు ఎక్కువుందట. మాంసం మానెయ్యమన్నాడు. వెన్న మానెయ్యమన్నాడు. మాత్ర ఒకటి రాసిచ్చాడు. "మరి ఏం తినమంటారు?" అంటే "ఇంకేదైనా తినండి" అన్నాడు. ఆ ఇంకేదైనా ఏమిటో తెలియక నాలుగు రోజులు మూతి ముడుచుకుని తిరిగాను. ఇంతలో వీధి చివర గ్రంథాలయం మేడ మీద పుట్టగొడుగుల పెంపకం నేర్పుతున్నారని తెలిసింది. వెళ్ళాను.

నేర్పే టీచరమ్మ ఒక గుత్తి తెచ్చి బల్ల మీద పెట్టింది. అది గొడుగులా లేనే లేదు! ముత్యపుచిప్పలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంది. పేరు కూడా అదేనట, ముత్యపుచిప్ప పుట్టగొడుగు. బూడిదరంగు. కాడ మధ్యలో లేదు, ఓ పక్కన పొట్టిగా వేలాడుతోంది. కింద సన్నటి మడతలు కాడ మీదికి దిగివచ్చాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే లేత సోంపు వాసన. "కొవ్వు దాదాపు లేదు. మాంసకృత్తులున్నాయి, పీచు ఉంది. మాంసం మానేసినవాళ్ళకి నమలడానికి ఏదో దొరికిందన్న తృప్తి ఉంటుంది" అంది టీచరమ్మ. నమలడం అన్న మాట వినగానే నేను చెయ్యెత్తి పేరు రాయించుకున్నాను.

వెనక గదిలో మొదలుపెడుతున్నాను. నీ కుట్టుమిషన్‌కి గుడ్డ కప్పి మూలకి జరిపాను. కంగారు పడకు.

ఇట్లు
ఆకలితో ఉన్న నీ మామయ్య

జూన్ 17

మామయ్యగారికి,

మీ ఉత్తరం పిండి చేతులతోనే విప్పాను. మరకలున్నందుకు ఏమీ అనుకోకండి.

పొయ్యి కట్టడం అయింది. రొట్టె కాల్చే మా పొయ్యి మేస్త్రీ ఒక పెద్దాయన, బేకరీల్లోనే జుట్టు నెరిసింది. పొయ్యి గోడ మీద చెయ్యి పెట్టి "ఇంకా జ్వరం తగ్గలేదు, ఆగు" అంటాడు నాతో. నిన్నటిదాకా మూడు దఫాల రొట్టె మాడిపోయింది. ఎదురింటి కుక్క మాత్రం మా కొట్టు మీద ఎంతో అభిమానం పెంచుకుంది.

మీ పుట్టగొడుగుల సంగతి చదివి నవ్వొచ్చింది. మా పనిలో బూజు కనబడితే బుట్టెడు రొట్టె పారేస్తాం. మీరేమో బూజుని గదిలో పెట్టి పెంచుతున్నారు! సరే, పులిసే పిండిలో ఉండేది కూడా వాటి చుట్టమేగా, నేనేమీ అనలేను. కానీ మూడు మాటలు వినండి. టీచరమ్మ ఇచ్చిన విత్తనం తప్ప, దారి పక్కన మొలిచినవి ఎంత ముద్దొచ్చినా తేవద్దు. పచ్చిగా రుచి చూడొద్దు, బాగా ఉడకాలి. డాక్టరు ఇచ్చిన మాత్ర మానొద్దు. పుట్టగొడుగు తిండే, మందు కాదు.

ఇంకొకటి. మీ అబ్బాయి ఫోన్లో "ఊఁ" అంటారు, "సరే" అంటారు. నేను వచ్చినందుకు కోపమేమోనని అనుమానంగా ఉంది. మీకేమైనా తెలుస్తోందా?

మీ కోడలు

జూలై 16

అమ్మాయీ,

పండింది!

మొదట్నుంచీ చెప్తాను. ఎండుగడ్డిని చిన్నచిన్న ముక్కలు చేసి నానబెట్టి, వేణ్ణీళ్ళలో ఉంచి, తీసి ఆరబెట్టాను. పిండితే నీళ్ళు కారకూడదు, అయినా చేతికి తడి తగలాలి. ఆ పదును తెలుసుకునేసరికి వరండా అంతా గడ్డే. తర్వాత పొడుగాటి ప్లాస్టిక్ సంచుల్లో ఒక వరస గడ్డి, ఒక వరస విత్తనం. మూతి కట్టి వెనక గదిలో వేలాడదీసి కిటికీకి దుప్పటి కట్టాను. మూడు వారాలు చీకటి. సంచుల్లో తెల్లటి దారాలు అల్లుకుని అల్లుకుని, గడ్డి కనబడకుండా పోయింది. అప్పుడు దుప్పటి తీసి, సంచులకి గాట్లు పెట్టి, పూటపూటకీ నీళ్ళు చిలకరించాను. ఒక ఉదయం చూద్దును కదా, గాట్లలోంచి గుండుసూది తలల్లాంటివి తొంగిచూస్తున్నాయి. మధ్యాహ్నానికి ఇంకా లావెక్కాయి. నేను అన్నం తినడం మర్చిపోయి కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

టీచరమ్మ ఇంకా ముందే కోయమంది గానీ, ఎదుగుతున్నదాన్ని కోయడానికి చేతులు ఎలా వస్తాయి? అంచులు పల్చబడి పైకి తిరిగి చేటంత అయ్యేదాకా ఉంచాను. పక్కింటివాళ్ళు చూడ్డానికి వచ్చారు. ఉల్లిపాయ, మిరియాలు వేసి వేయించాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. మాంసం కాదు, నిజమే. కానీ పళ్ళకి పని దొరికింది, అమ్మాయీ! నాకిక డాక్టరు మీద కోపం లేదు.

టీచరమ్మ ఇంకో రహస్యం చెప్పింది. కోసినవాటిని మడతలు పైకి ఉండేలా కాసేపు ఎండలో పెడితే వాటిలో డి విటమిన్ పుడుతుందట. ఇప్పుడు రోజూ వాటితోపాటు నేనూ ఎండలో కూర్చుంటున్నాను.

నువ్వడిగిన సంగతి. వాడికి కోపం కాదు తల్లీ, బెంగ. వారం నుంచి పొడిదగ్గు. జలుబు లేదు, జ్వరం లేదు, ఊరికే దగ్గుతాడు. అడిగితే "ఏం లేదు" అంటాడు. ఏం లేకుండా దగ్గేవాడికి ఉన్నది ఏమిటో ముసలివాణ్ణి నాకు తెలియదా? నోటితో చెప్పలేనిది గొంతులో అడ్డుపడుతుంది. నీ కోసమే ఆ దగ్గు.

పొట్ట నిండిన
నీ మామయ్య

జూలై 24

మామయ్యగారికి,

పుట్టగొడుగుల గురించి చదువుతున్నంతసేపూ నవ్వాను. చివరి ముక్క చదివాక పిండి పక్కన పెట్టి ఇది రాయడానికి కూర్చున్నాను.

మీరు చెప్పింది నిజమా? ఆ మనిషికి నా మీద దగ్గొచ్చేంత బెంగ ఉందా? పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చెప్పలేదే! కాస్త గర్వంగా కూడా ఉంది, మీ దగ్గర దాచడమెందుకు. కానీ దగ్గు దగ్గే కదా. డాక్టరుకి చూపించమనండి. సెలవు పెట్టించి నా దగ్గరికి పంపండి. వద్దంటారు, అయినా పంపండి.

ఇక్కడ ఇంకో సంగతి. మా యజమానురాలు వచ్చి రొట్టె తిని, "ఈ కొట్టు ఇక నువ్వే చూసుకో, ఆరునెలలకి కాదు, ఎప్పటికీ" అంది. ఎగిరి గంతెయ్యాల్సిన మాట. ఆలోచించుకుని చెప్తానన్నాను.

మీ కోడలు

ఆగస్టు 10

అమ్మాయీ,

నేను చెప్పలేదా?

మావాడు నీ దగ్గర ఉన్నన్ని రోజులూ ఒక్కసారి కూడా దగ్గలేదట! రైలు ఎక్కిన పూటే సగం తగ్గిందని వాడే ఒప్పుకున్నాడు. ముఖం తేటగా ఇంటికొచ్చాడు, నువ్విచ్చిన రొట్టెల సంచి నా చేతిలో పెట్టాడు. పడుకుని లేచాడో లేదో మళ్ళీ ఖళ్ ఖళ్. ఛాతీ ఫొటో తీయించాం, శుభ్రంగా ఉంది. డాక్టరు కూడా తల గోక్కున్నాడు. ఆయనకేం తెలుసు? ఈ జబ్బుకి మందు నువ్వు. నువ్వొచ్చెయ్యాలి తల్లీ. కొట్లు ఎన్నైనా తెరుస్తారు.

ఇక్కడ రెండో కాపు మొదటిదాన్ని మించింది. గది పట్టనంతగా విచ్చుకున్నాయి. ఒక దాన్ని టోపీలా నెత్తిన పెట్టుకుని ఫొటో కూడా దిగాను. చిత్రం ఏమిటంటే పొద్దున్నే నీ కుట్టుమిషన్ మీద కప్పిన గుడ్డ తెల్లగా ఉంటోంది, ఎవరో పౌడరు చల్లినట్టు. గోడ సున్నం రాలుతోందని మావాడి చేత మూడుసార్లు తుడిపించాను. పైకప్పు బాగుచేయించాలి. నాకేం ఇబ్బంది లేదులే, నానిన గడ్డి వాసన పడక మొదట్నుంచీ ముక్కుకి గుడ్డ కట్టుకునే ఆ గదిలోకి వెళ్తున్నాను.

నీ రాకకి ఎదురుచూసే
మామయ్య

ఆగస్టు 16

మామయ్యగారికి,

మీ ఉత్తరం చూడగానే యజమానురాలికి చెప్పేశాను, నేను వెళ్ళిపోతున్నానని. మరొకర్ని చూసుకోమన్నాను. ఆవిడ సరేనంది. నేనే పొయ్యి వెనక నిలబడి కాసేపు ఏడ్చాను.

కానీ ఇప్పుడు వేరే మాట. మీరు వెంటనే ఆ గది ఖాళీ చెయ్యండి. ఒక్క సంచి కూడా అక్కడ ఉండకూడదు. తడిగుడ్డతో తుడవండి, కిటికీలు తెరిచి ఉంచండి. మీ అబ్బాయిని మాత్రం తుడవనివ్వకండి. కారణం ఫోన్లో ఆయనకి చెప్తాను, ఆయన మీకు చెప్తారు. పిండి పొంగిపోతోంది, వెళ్ళాలి.

కోడలు

ఆగస్టు 20

గౌరవనీయురాలైన కోడలుగారికి,

తమరి ఆజ్ఞ అందింది. గది ఖాళీ చేశాను. సంచులన్నీ పెరట్లో కట్టెల పాకలోకి మోసుకెళ్ళాను. నేల తుడిచాను, గోడలు తుడిచాను, తమరి కుట్టుమిషన్ చక్రాల సందులు కూడా అగ్గిపుల్లతో తుడిచాను. కిటికీలు తెరిచే ఉన్నాయి.

అది తమరి గది అన్న సంగతి నేను మర్చిపోయిన మాట నిజం. తమరు ఊళ్ళో లేరు కదా అని చొరవ తీసుకున్నాను. ముందే ఒక్క మాట "మామయ్యా, నాకిష్టం లేదు" అంటే సరిపోయేది. పైగా కొడుకు చేత తుడిపించకూడదనీ, ముసలివాడే తుడవాలనీ రాశారు. బాగుంది.

మౌనస్వామిని "నీకేమైనా చెప్పిందా?" అని అడిగాను. "ఆఁ, చెప్పింది" అన్నాడు. "ఏం చెప్పింది?" అన్నాను. "గది ఖాళీ చెయ్యమంది" అన్నాడు. అది నాకూ తెలుసు!

ఇట్లు
మామగారు

తా.క. రెండు రోజులుగా వాడు దగ్గడం లేదు. తమరు తిరిగి వస్తున్నారన్న సంతోషం కాబోలు.

ఆగస్టు 25

మామయ్యా,

గారూ గీరూ ఏమీ లేదు, మామయ్యా! "కోడలుగారికి" అన్న మాట చూసి నేను నేల మీద కూలబడి నవ్వాను, తర్వాత ఏడ్చాను, మళ్ళీ నవ్వాను. పొయ్యి మేస్త్రీ నాకు నీళ్ళు తెచ్చిచ్చాడు.

మీ అబ్బాయికి ఫోన్లో అరగంట విడమరిచి చెప్పాను. "నాన్నగారికి చెప్పండి" అంటే "చెప్తా" అన్నారు. చెప్పింది అదా! ఇక ఆయన్ని నమ్మి లాభం లేదు, నేనే రాస్తాను, కూర్చుని చదవండి.

ఆ రోజు మీ ఉత్తరం చదివి మొహం వేలాడేసుకుని కూర్చుంటే, మేస్త్రీ ఏమైందని అడిగాడు. చెప్పాను. "ఊరు దాటితే దగ్గు ఉండదు, ఇంటికొస్తే వస్తుంది. అంతేనా?" అన్నాడు. అంతేనన్నాను. "నాకూ అలాగే ఉండేదమ్మా. సెలవు రోజుల్లో హాయిగా ఉండేవాణ్ణి. పనిలోకొస్తే దగ్గు. నా భార్య కూడా బేకరీ అంటే నీకు ఇష్టం లేదు, అందుకే దగ్గుతున్నావు అనేది. తీరా చూస్తే పిండి దుమ్ము. మీ ఇంట్లో దుమ్ము లేచేది ఏమైనా ఉందా?" అన్నాడు.

అప్పుడు నా కళ్ళ ముందు మీరు రాసిన పౌడరు కనబడింది. అది గోడ సున్నం కాదు మామయ్యా! పుట్టగొడుగులు వదిలే బీజాల పొడి. ఆ మడతల్లోంచే రాలుతుంది. బాగా విచ్చుకుని అంచు పైకి తిరిగిన ఒక్కొక్కటీ లెక్కలేనంత వదులుతుందట. ముత్యపుచిప్పలది మరీ ఎక్కువట. గాల్లో తేలుతున్నప్పుడు కళ్ళకి ఆనదు గానీ కొందరి ఊపిరికి పడదు. మా పక్కూళ్ళో పెంచేవాళ్ళని కనుక్కున్నాను. అందుకే అంచు పైకి తిరగకముందే కోస్తారు, పడుకునే ఇంట్లో పెంచరు, లోపలికెళ్తే ముక్కుకి గుడ్డ కట్టుకుంటారు. మీరు గుడ్డ కట్టుకున్నారు, మీకేం కాలేదు. ఆయన పక్క గదిలో తలుపు తెరుచుకుని పడుకున్నారు. పైగా మీరు ఆయన చేత మూడుసార్లు తుడిపించారు!

తినడానికి ఏ భయమూ లేదు, ఉడికించి హాయిగా తినండి. ఇద్దరూ డాక్టరు దగ్గరికెళ్ళి ఈ సంగతి చెప్పండి. గది నాదని నేనెప్పుడూ అనుకోలేదు. ఆ ఇంట్లో నాది అన్నది ఏదైనా ఉంటే అది మీ ఇద్దరి మీద నా పెత్తనం.

బెంగ కాదని తేలినందుకు నాకు కొంచెం నిరాశగానే ఉందని ఆయనతో అన్నాను. "దగ్గు దానివల్ల. బెంగ నీవల్ల. రెండూ ఉన్నాయి" అన్నారు. ఇన్ని మాటలు ఒకేసారి! నేను తిరిగి రానక్కర్లేదని కూడా ఆయనే అన్నారు. యజమానురాలు ఇంకా ఎవర్నీ చూసుకోలేదు. పరుగెత్తుకెళ్ళి నా మాట వెనక్కి తీసుకున్నాను.

మీ కోడలు

సెప్టెంబరు 19

అమ్మాయీ,

ఉత్తరం చదివి మావాడి వైపు చూశాను. వాడు నా వైపు చూశాడు. "ముందే చెప్పొచ్చు కదరా!" అని అరిచాను. "గది ఖాళీ అయిందిగా" అన్నాడు. వాడితో దెబ్బలాడటానికి కూడా ఇద్దరు కావాలి, ఆ రెండోవాడు వాడు కాడు.

డాక్టరు అన్నీ విని, మీ మేస్త్రీ మాటే నిజమన్నాడు. మళ్ళీ దగ్గొస్తే రమ్మన్నాడు, రాలేదు. పాకకి రెండువైపులా గాలి వచ్చేలా తడికలు కట్టాం. వాడు అటువైపు రాడు, నేను గుడ్డ లేకుండా వెళ్ళను. ఇప్పుడు లేతగా ఉండగానే కోస్తున్నాను. మొదట్లో ప్రాణం ఒప్పలేదు. కానీ రుచి చూశాక సిగ్గేసింది. చేటంతవి తిన్నప్పుడు నమిలింది తోలమ్మా, ఇవి వెన్న. ఆ మాట డాక్టరు ముందు అనకూడదనుకో.

నా రక్తంలో కొవ్వు దిగింది! కాగితం చూసి డాక్టరు ఈసారి కళ్ళజోడు తుడవలేదు. "అంతా పుట్టగొడుగుల మహిమ" అన్నాను. "వాటిలో మంచి పీచు ఉంది, బి విటమిన్లున్నాయి, అంతవరకూ నిజమే. కానీ మాంసం, వెన్న పోయి ఆ చోట్లోకి అవి వచ్చాయి చూశారూ, అదీ అసలు మేలు. మాత్ర కూడా పనిచేసింది. సంచులు మోస్తూ పెరడంతా నడిచారు, అదొకటి" అన్నాడు. అన్నింటికీ తలూపాను. బయటికొచ్చాక మాత్రం మావాడితో "పుట్టగొడుగులే" అన్నాను.

ఎండబెట్టినవి ఒక డబ్బాడు పంపుతున్నాను. గోరువెచ్చటి నీళ్ళలో వేస్తే లేచి కూర్చుంటాయి. ఆ నీళ్ళు పారబొయ్యకు, రుచంతా అందులోనే ఉంటుంది. నీ రొట్టెల్లో ఏమైనా పనికొస్తాయేమో చూడు.

నీ మామయ్య

అక్టోబరు 21

మామయ్యా,

పనికిరావడమా! ఉల్లిపాయతో వేయించి, మిరియాలు చల్లి, చిన్న రొట్టెల లోపల పెట్టి కాల్చాం. ఆ నీళ్ళతోనే పిండి కలిపాను. పొయ్యి మూత తీసేసరికి వీధి వీధంతా వాసన. బడి పిల్లల్ని దింపడానికొచ్చిన తల్లులు తీసుకెళ్ళారు, పక్క వీధి మెకానిక్కులు వచ్చారు. మధ్యాహ్నానికి పళ్ళెం ఖాళీ. మేస్త్రీ ఒకటి దాచుకుని తింటూ "ఇవి ఎవరు పంపారు?" అన్నాడు. "మా మామగారు" అన్నాను. "ఆయన్నే పంపమను" అన్నాడు.

హాస్యానికి అన్నాడో లేదో గానీ నేను ఆ రోజు నుంచీ అదే పనిమీదున్నాను. కొట్టు వెనక వీధిలో ఇల్లు చూశాను. మూడు గదులు. పెరడు చివర, ఇంటికి దూరంగా, ఎండ పడని రాతి పాక ఉంది. ఇంటివాళ్ళు "ఆ పాక దేనికీ పనికిరాదు, ఎప్పుడూ చల్లగా, తేమగా ఉంటుంది" అని మొహమాటపడుతూ చూపించారు. నేను ఎగిరి గంతేశాను. వాళ్ళకి అర్థం కాలేదు.

ఇక్కడ కూడా మేడలున్నాయి, మేడల్లో లిఫ్టులున్నాయి, అవీ పాడవుతాయి. మీ అబ్బాయి బదిలీకి అడిగారని నిన్ననే తెలిసింది. నాకు చెప్పలేదు, వాళ్ళ ఆఫీసులో మనిషి చెప్పాడు.

మీకు స్నేహితులున్నారు, టీచరమ్మ క్లాసుంది, అలవాటైన వీధి ఉంది. బలవంతం లేదు. కానీ నాకు మీరు కావాలి. పుట్టగొడుగుల కోసం కాదు. మీకోసం.

కోడలు

నవంబరు 30

అమ్మాయీ,

నీ ఉత్తరం వచ్చిన రోజు జవాబు రాయకపోవడానికి కారణం నేను అప్పటికే పెట్టెలు సర్దడం మొదలుపెట్టడం.

వీధి వీధంతా వచ్చి వీడ్కోలు చెప్పింది. టీచరమ్మ కొత్త విత్తనం సీసా ఇచ్చి "గులాబి రంగువి, పూలగుత్తుల్లా ఉంటాయి, మీ కోడలికి చూపించండి" అంది. పాత సంచులు పక్కింటావిడకి అప్పగించాను. ఆవిడకి కోసే అదును నేర్పేసరికి నా గొంతు పోయింది, నాలాగే ఆవిడకీ వినబడదు.

సామాను లారీలోకెక్కింది. నేను కింద నిలబడి పైకి, పక్కకి అని చెయ్యి ఊపుతూ ఉంటే, మావాడు తాళ్ళు బిగించి, ఒక్క గీత కూడా పడకుండా నీ కుట్టుమిషన్ పైకెత్తాడు. నేను రేవులో అంత బాగా ఎత్తలేదేమో. ఆ మాట వాడితో అంటే నవ్వాడు.

ఉత్తరం డబ్బాలో వేసి ఎక్కుతాను. ఇది నీకు అందేలోపే మేం వస్తామేమో, అయినా రాయాలనిపించింది. డ్రైవరు హారను కొడుతున్నాడు. నాకు వినబడుతోంది చూశావా!

దారిలో ఎక్కడా తినం. పొయ్యి ఆర్పకు.

నీ మామయ్య